ఎనిమిది నెలలు ఎందుకు దాచిందో మీ భార్యను అడిగారా?

ఖమ్మం నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది: "నాకు 51 ఏళ్లు, ప్రభుత్వోద్యోగిని. మా అబ్బాయి హైదరాబాదులో బీటెక్ మూడో సంవత్సరం. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాడి బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది. నిలదీస్తే, గంజాయి కంటే నేను తాగే మందే ప్రమాదమని శాస్త్రవేత్తలు తేల్చారంటూ ఫోనులో ఒక పట్టిక చూపించాడు. నేను ఇరవై రెండేళ్లుగా రాత్రి పూట ఒక క్వార్టర్ తీసుకుంటాను. ఏనాడూ అది దాటలేదు, ఇంట్లో ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. గ్లాసూ, చన్నీళ్లూ, వేయించిన పల్లీలూ నా భార్యే తెచ్చి పెడుతుంది. ఈ గంజాయి సంగతి ఆమెకు ఎనిమిది నెలలుగా తెలుసట! వాడు రాత్రిళ్లు ఫోను చేస్తే వెనక వసారాలోకి వెళ్లి మాట్లాడేది ఇందుకేనని ఇప్పుడు అర్థమైంది. అడిగితే ఏడుస్తుంది తప్ప నోరు విప్పదు. ఆమె తమ్ముడికీ ఈ వయసులోనే మతి చెడింది, అంతా వాళ్ల రక్తమే. వాడిని డీ-అడిక్షన్ సెంటర్లో పడేద్దామంటే పోలీసు కేసవుతుందని భయం. గంజాయే ఎక్కువ ప్రమాదమని రుజువు చేసే పరిశోధనలు చెప్పండి, వాడి నోరు మూయించాలి."

అయ్యా, కన్నకొడుకు నోరు మూయించడానికి నేను సాయం చేయలేను. ఇప్పటికే మీ ఇంట్లో ఒక మనిషి నోరు మూతపడి ఉంది, రెండో మనిషిది కూడా మూతపడితే ఆ పిల్లవాడి సంగతి మీకు చెప్పేవాళ్లే ఉండరు.

అబ్బాయి చూపించిన పట్టిక 2010లో డేవిడ్ నట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, ఆయన సహచరులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించినదై ఉంటుంది. ఇరవై మత్తు పదార్థాలను పదహారు కొలమానాల మీద తూచి నూటికి మార్కులు వేస్తే మద్యానికి 72, గంజాయికి 20 వచ్చాయి. అబ్బాయి అంతవరకే చదివాడు. ఆ లెక్క ఒక దేశంలో ఆ పదార్థాల వల్ల మొత్తంగా జరిగే కీడును చెబుతుందే తప్ప, ఇరవై ఏళ్ల ఒక కుర్రవాడికి గంజాయి క్షేమమని ఎక్కడా చెప్పదు. ఇక మీరు చదవవలసిన భాగం వేరే ఉంది. మద్యానికి వచ్చిన 72లో తాగే మనిషికి జరిగే కీడు 26 మాత్రమే, మిగిలిన 46 అతని చుట్టూ ఉన్నవాళ్లకు జరిగే కీడు. కుటుంబం పడే కష్టం ఆ కొలమానాల్లో ఒకటి. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను, ఎందుకంటే కష్టమంటే కేకలూ దెబ్బలూ మాత్రమేనని మీరు నమ్ముతున్నారు.

మీ క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతమని అచ్చువేసి ఉంటుంది కనుక, అందులో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉన్నట్టు. ఒక్క పూటలో 60 గ్రాములు తాగడాన్నే ప్రపంచ ఆరోగ్య సంస్థ అతిగా తాగడంగా లెక్కిస్తుంది. మీరు హద్దుగా పెట్టుకున్నది అక్కడ మొదలయ్యే ప్రమాదాన్నే. ఇంత తాగిన మనిషి కేకలు వేయకపోవచ్చు, కాని తొమ్మిది దాటాక అతనితో బరువైన మాట ఏదీ మాట్లాడడానికి వీలుండదు. అది మీ భార్యకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. కొడుకు ఫోను చేసేది రాత్రి, మీరు గ్లాసు ముందు ఉండేదీ రాత్రే. తెల్లవారితే మీకు ఆఫీసు. ఇంత పెద్ద మాటను ఆవిడ ఏ గంటకు మీ ముందు పెట్టాలో మీరే చెప్పండి. భర్తకు చెప్పకుండా దాచడం తప్పే, కాదనను. కాని భార్య నిర్భయంగా వచ్చి చెప్పుకోగలిగిన మనిషిగా ఉండడం ఇంటి యజమానికి మొదటి బాధ్యతని నేను నమ్ముతాను, ఆ బాధ్యత మీ ఇంట్లో చాలా ఏళ్లుగా రాత్రి తొమ్మిదింటికే ముగిసిపోతోంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు నిందగా రాశారు. మేనమామ జబ్బు "వాళ్ల రక్తం" అని దెప్పడానికి దొరికిన మాట కాదు, వైద్యుడు మొట్టమొదట అడిగే ప్రశ్నకు జవాబు అది. స్వీడన్‌లో సైన్యంలో చేరిన 45,000 మందికి పైగా కుర్రవాళ్లను పదిహేనేళ్లు గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనంలో, యాభైసార్లకు మించి గంజాయి తాగినవాళ్లకు స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే అవకాశం తాగనివాళ్ల కంటే సుమారు ఆరు రెట్లు కనిపించింది. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా తగ్గింది, కాని పోలేదు. ఐరోపాలోనూ బ్రెజిల్‌లోనూ 11 చోట్ల జరిపి 2019లో వెలువరించిన మరో అధ్యయనంలో, రోజూ వాడేవాళ్లలో మతిభ్రమణ సమస్యలు మూడు రెట్లు, మత్తు బాగా ఎక్కువున్న రకాన్ని రోజూ వాడేవాళ్లలో దాదాపు అయిదు రెట్లు కనిపించాయి. గంజాయి తాగిన వాళ్లలో చాలామందికి ఈ జబ్బు రాదన్నది కూడా నిజమే. అయితే రక్తసంబంధీకుల్లో ఒకరికి ఇలాంటి జబ్బు ఉన్న ఇంటి పిల్లవాడు ఆ ధైర్యంతో ఉండకూడదు.

మేనమామ పోలిక అని పిల్లల ముక్కూ కళ్లూ చూసి మురిసిపోతాం కదా. మీ భార్య ఈ ఎనిమిది నెలలూ అదే పోలికను వెతుకుతూ భయపడి ఉంటుంది. తమ్ముడు మొదట నిద్ర మానేశాడా, గది తలుపు వేసుకున్నాడా, ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారన్నాడా, తనలో తాను నవ్వుకున్నాడా, ఇవన్నీ దగ్గరుండి చూసిన మనిషి మీ ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఆవిడ ఏడుపును మీరు నేరం ఒప్పుకోవడంగా తీసుకున్నారు. నాకు మాత్రం, పుట్టింట ఒకసారి జరిగినదాన్ని మళ్లీ చూడవలసి వస్తుందేమోనన్న భయమే అందులో వినిపిస్తోంది. అబ్బాయిలో ఆ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి.

బలవంతంగా పడేయడం గురించి ఒక మాట. అమెరికాలోని న్యూ మెక్సికోలో, చికిత్స వద్దని మొండికేసిన తాగుబోతుల కుటుంబసభ్యులు 130 మందికి వేర్వేరు పద్ధతుల్లో శిక్షణ ఇచ్చి, ఆ ఫలితాలను 1999లో ప్రచురించారు. అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో 30 శాతం మంది తమ మనిషిని చికిత్సకు తీసుకురాగలిగారు. మత్తులో లేని వేళ చూసి మాట్లాడడం, మానిన రోజును ఇంట్లో సంతోషంగా గడపడం, తాగి తెచ్చుకున్న చిక్కుల నుంచి అడ్డుపడి కాపాడకపోవడం నేర్చుకున్న వాళ్లలో 64 శాతం మంది తీసుకురాగలిగారు. ఆ పద్ధతి మీ ఇంట్లో సాగాలంటే పెద్దవాళ్లిద్దరూ ఒక్క మాట మీద ఉండడం మేలు, అది ప్రస్తుతం మీ దగ్గర లేదు. పోలీసు భయం విషయానికొస్తే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ కొద్ది మొత్తంతో దొరికినా, ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు పొందిన కేంద్రంలోనో తనంతట తాను చికిత్సకు వచ్చి దాన్ని పూర్తిచేసే వ్యసనపరుడికి ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. అబ్బాయి తనంతట తాను రావాలన్నది అక్కడ కూడా ముఖ్యమే. మానేసిన మొదటి వారం అతనికి చిరాకూ నిద్రలేమీ ఎక్కువగా ఉండవచ్చు, అన్నం సహించకపోవచ్చు. ఆ వారం అతనితో వాదించకండి.

మీ మందు కూడా ఆగాలి. అయితే రాత్రికి రాత్రి మానేయకండి. ఇన్నేళ్లు ఈ మోతాదులో తాగిన శరీరానికి ఉన్నట్టుండి ఆపితే చేతులు వణకడం, చెమటలు, కొందరిలో మూర్ఛ, రెండు మూడు రోజులకు మతి తప్పడం దాకా రావచ్చు, అది ప్రాణాంతకం కూడా. వైద్యుడి పర్యవేక్షణలో మానండి, ఆ వైద్యుడి దగ్గరికి అబ్బాయి కంటే ముందు మీరు వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళప్పుడైనా చేయవచ్చు.

అంతకంటే ముందు, ఈ ఆదివారం పొద్దున్నే ఆవిడ కాఫీ కలిపి తెచ్చే వేళకు వెనక వసారాలో ఇంకో కుర్చీ వేసి ఆవిడను కూర్చోబెట్టండి. కొడుకు గురించి ఇప్పుడే అడగకండి. "మీ తమ్ముడికి మొదట ఎలా మొదలైంది?" అని అడిగి, ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా వినండి. ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి.