ఎన్నారై సందేహాలు: అబ్బాయికి ఫ్రాటర్నిటీ నుంచి ‘బిడ్’ వచ్చిందట, డబ్బు కట్టమంటారా?

ఒహాయో రాష్ట్రం కొలంబస్ నుంచి ఒకావిడ అడిగారు: “మేం హైదరాబాద్ నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. అబ్బాయి ఈ ఆగస్టులో యూనివర్సిటీలో చేరాడు. నిన్న ఫోన్ చేసి, ‘అమ్మా, ఫ్రాటర్నిటీ నుంచి బిడ్ వచ్చింది, శుక్రవారంలోగా చెప్పాలి, పదమూడు వందల డాలర్లు కావాలి’ అన్నాడు. బిడ్ అంటే ఏదో వేలంపాట అనుకున్నాను. మా వారేమో అది తాగుబోతుల కొంప, వద్దే వద్దంటున్నారు. వాడు మాత్రం అందరూ చేరుతున్నారంటాడు. ఏం చేయమంటారు, అన్నయ్యగారూ?”

చెల్లెమ్మా, మీ వారి భయంలో సగం నిజం ఉంది. మీవాడి మాటలో పావు వంతు ఉంది. అందరూ చేరరు. మా పెద్దవాడు చేరాడు, రెండోవాడు చేరలేదు. ఇద్దరూ బాగానే ఉన్నారు.

ముందు ఆ మాటల సంగతి చెప్తాను. ఫ్రాటర్నిటీ అంటే గ్రీకు అక్షరాల పేరుతో కాలేజీ మగపిల్లలు నడుపుకునే సంఘం, చాలావాటికి సభ్యులుండే ఇల్లు కూడా ఉంటుంది. సెమిస్టర్ మొదట్లో కొత్త పిల్లల్ని తమ ఇళ్ళకి పిలిచి, బర్గర్లు పెట్టి, కబుర్లాడి చూసుకుంటారు. దాన్ని రష్ అంటారు. మన పెళ్ళిచూపుల్లాంటిదే, రెండువైపులా నచ్చాలి. నచ్చినవాడికి పంపే ఆహ్వానమే బిడ్. దానికి ఒప్పుకోగానే సభ్యుడైపోడు. కొన్ని వారాలు ప్లెడ్జ్‌గా తిరగాలి. ఇప్పుడు ఆ మాట బాగాలేదని న్యూ మెంబర్ అంటున్నారు, పని మాత్రం అదే. సంస్థ చరిత్ర, పాత సభ్యుల పేర్లు బట్టీ పట్టాలి. ఒక సీనియర్‌ని ‘బిగ్’ అని జత చేస్తారు, మీవాడు అతనికి ‘లిటిల్’. చివర్లో ఇనిషియేషన్. అందులో జరిగేది బయట చెప్పకూడదు, ఉపనయనంలో గుడ్డ కప్పి చెవిలో చెప్పే మంత్రంలాగా. మావాడు డిగ్రీ పట్టా చేతికొచ్చినా నోరు విప్పలేదు. మా ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే “కొవ్వొత్తులుంటాయమ్మా” అని ఊరుకున్నాడు.

ఇది నిన్నమొన్నటి సరదా కూడా కాదు. గ్రీకు అక్షరాలు పేరుగా పెట్టుకున్న మొదటి విద్యార్థి సంఘం ఫై బీటా కప్పా, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో 1776 డిసెంబరు 5న పుట్టింది. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి అయిదు నెలలు. అది పోనుపోను బాగా చదివేవాళ్ళకి ఇచ్చే గౌరవంగా మారిపోయింది. ఇప్పుడు మనం చూసే తరహా సంఘాలు 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో మొదలయ్యాయి. ఇందులో మీ ఒహాయో వాటా తక్కువేం కాదు. ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళోని మయామీ యూనివర్సిటీలో బీటా థీటా పై 1839లో, ఫై డెల్టా థీటా 1848లో, సిగ్మా కై 1855లో పుట్టాయి. ఫ్లోరిడా మయామీ కాదు సుమా, నేనూ మొదట్లో అలాగే అనుకుని ఒకరి దగ్గర నవ్వులపాలయ్యాను.

ఇలాంటి సంస్థకి జాతీయ కార్యాలయం ఒకటి, ఒక్కో కాలేజీలో ఒక్కో శాఖ. ఆ శాఖనే చాప్టర్ అంటారు. పేరు, ముద్ర, నియమాలు, ఇన్సూరెన్స్ పైనుంచి వస్తాయి. మనుషులు మాత్రం ఆ కాలేజీ కుర్రాళ్ళే. ఒకచోట బంగారంలాంటి చాప్టర్ ఉంటుంది, అదే పేరుతో ఇంకోచోట సస్పెండ్ అయి ఉంటుంది. మన కార్పొరేట్ కాలేజీల బ్రాంచీలు గుర్తున్నాయి కదా, బోర్డు ఒకటే, లోపల సంగతి వేరు. కాబట్టి మీవాడు చెప్పే అక్షరాల గురించి ఇంటర్నెట్‌లో వెతికి లాభం లేదు. ఆ కాలేజీలో ఆ ఇల్లు ఎలాంటిదో కనుక్కోవాలి.

మావాడి ఇల్లు మేం మొదటిసారి పేరెంట్స్ వీకెండ్‌లో చూశాం. బయట తెల్లటి స్తంభాలు, అచ్చం జమీందారు మేడ. లోపల కాలు పెడితే నేల చెప్పులకి అంటుకుంటోంది. పిల్లలు పొద్దున్నే ఫినాయిలు కొట్టి ఉంటారు, అయినా కింది వాసన కిందే ఉంది. హాలు గోడల నిండా పాత సభ్యుల చట్రాలు. ఒక్కో ఏడాదికి ఒక్కో చట్రం, అందులో ఎనభైమంది చిన్న చిన్న ఫొటోలు, అందరూ కోటూ టైతో. దాన్ని కాంపోజిట్ అంటారు. మా ఆవిడ ఒక్కొక్కటే వెతుక్కుంటూ వెళ్ళి 1991 దగ్గర ఒక రెడ్డిగారబ్బాయిని పట్టుకుంది. అంతకుముందు చట్రాల్లో మనవాళ్ళెవరూ లేరు. ఆవిడ చేసుకొచ్చిన పులిహోర ట్రే పది నిమిషాల్లో ఖాళీ. వేరుశెనగపప్పు చూసి ఒక్క కుర్రాడు మాత్రం అలెర్జీ అని దూరం జరిగాడు.

వారమంతా తాగి తూలుతుంటారనుకోవడం తప్పు. తాగుడు లేదనను, శుక్ర శనివారాల్లో ఉంటుంది. కానీ మిగతా రోజుల్లో అదొక చిన్న పంచాయతీ. ప్రెసిడెంటు, సెక్రటరీ, ట్రెజరర్, రష్ చూసుకునేవాడొకడు, పార్టీల్లో ఎవరికీ ఏమీ కాకుండా చూడాల్సిన రిస్క్ మేనేజర్ ఒకడు. మావాళ్ళకి ఆదివారం రాత్రి చాప్టర్ మీటింగు, రానివాడికి ఫైను. కాలేజీలోపల ఆటల పోటీలు, ఫుట్‌బాల్ మ్యాచ్ రోజు బయట గ్రిల్ పెట్టి టెయిల్‌గేట్, పాత విద్యార్థులు కలిసే హోంకమింగ్ పండక్కి సొరోరిటీ (ఆడపిల్లల సంఘం) వాళ్ళతో కలిసి శకటం కట్టడం, ఏడాదికోసారి ఏదో ఒక మంచి పనికి చందాలు. మావాళ్ళు క్రీమ్ నింపిన ప్లేట్లు అమ్మారు. డబ్బిచ్చినవాడు దాన్ని తీసుకెళ్ళి ప్రెసిడెంటు మొహాన కొట్టొచ్చు. పాపం, ఆ అబ్బాయి చెవుల్లోంచి రెండ్రోజులు క్రీమ్ వచ్చిందట.

మూడో ఏడు మావాడు ట్రెజరర్ అయ్యాడు. ఇంట్లో దుప్పటి మడత పెట్టనివాడు డెబ్భైమంది దగ్గర బకాయిలు వసూలు చేసే పనిలో పడ్డాడు. ఒకరోజు ఫోన్ చేసి, “నాన్నా, డబ్బు ఇస్తానన్నవాడు ఫోన్ ఎత్తడం మానేస్తే ఏం చేయాలి?” అన్నాడు. మా నాన్నగారు గుడివాడలో చిట్టీలు నడిపేవారు. ఆయన పద్ధతే చెప్పాను: ఇంటికెళ్ళి కూర్చో, మంచినీళ్ళు అడిగి తాగు, డబ్బు మాట ఎత్తకు. మావాడు లాప్‌టాప్ పట్టుకెళ్ళి వాడి గదిలో కూర్చుని హోంవర్క్ చేసుకున్నాడట. గంటన్నరకి కట్టేశాడు. ఇలాంటివి ఏ క్లాసులోనూ రావు, ఆ మేరకి నాకు ఫ్రాటర్నిటీ మీద కోపం లేదు.

డబ్బు దగ్గరే మేం దెబ్బతిన్నాం. మీ పదమూడు వందల్లో ఏమేం ఉన్నాయో కాగితం మీద అడగండి. కొత్త సభ్యుడి రుసుము, జాతీయ సంస్థకి వెళ్ళేది, ఇన్సూరెన్స్, చాప్టర్ ఖర్చు అన్నీ విడివిడిగా ఉండాలి. టీషర్టులు, ఫార్మల్ డాన్సులు, ఫొటోలు పైన పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, రెండో ఏడు ఆ ఇంట్లోనే ఉండాలన్న షరతు ఉందా అని. మావాడి ఒప్పందంలో ఉంది. నేను చదవకుండా గ్యారంటర్‌గా సంతకం చేశాను. ఇల్లు కొన్నప్పుడు వంద పేజీలు చదివినవాణ్ణి, ఇది చదవలేదు! ఈలోగా వాడు స్నేహితులతో నెలకి 650 డాలర్లకి అపార్ట్‌మెంట్ లీజు తీసుకున్నాడు. చాప్టర్ వాళ్ళు ఒప్పందం చూపించారు. మూడు నెలలు రెండు అద్దెలూ కట్టాం. తర్వాత ఆ అపార్ట్‌మెంట్ గది 450కి ఇంకొకడికి ఇచ్చి, మిగతా ఎనిమిది నెలలూ నెలకి రెండు వందలు భరించాం. మూడున్నర వేలకి పైగా పోయింది. తప్పు వాళ్ళది కాదు, నాదే.

ఇక మీ వారి భయం. మా రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీలో సీనియర్ ఎదురైతే తల వంచి మన చొక్కా మూడో గుండీ వైపే చూడాలి. మేం బయటికొచ్చాక 1997లో ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఇక్కడ దాని పేరు హేజింగ్. మన ర్యాగింగ్‌లో వద్దన్నా వదలరు. ఇక్కడ వద్దంటే నువ్వు వెళ్ళిపోవచ్చంటారు, అదే ఎక్కువ ప్రమాదం. నాలుగు వారాలు పడ్డ కష్టం వృథా అవుతుందని, తోటి కుర్రాళ్ళ ముందు పలచనవుతానని పిల్లలు ఎంతకైనా తల ఊపుతారు.

మీ రాష్ట్రంలోనే 2021 మార్చిలో బౌలింగ్ గ్రీన్ అనే ఊళ్ళో ఇరవై ఏళ్ళ విద్యార్థి చనిపోయాడు. ‘బిగ్-లిటిల్’ రాత్రి ఇచ్చిన విస్కీ సీసా తాగి పోయాడు. ఆ ఏడాదే ఒహాయోలో కాలిన్స్ లా అనే చట్టం వచ్చింది. బలవంతాన తాగించి, దానివల్ల తీవ్రమైన హాని జరిగితే అది ఫెలనీ, అంటే పెద్ద నేరం. 2024 డిసెంబరులో దేశమంతటికీ కలిపి ఇంకో చట్టం చేశారు. దాని ప్రకారం హేజింగ్ చేసి దొరికిన సంఘాల వివరాలు యూనివర్సిటీలు తమ వెబ్‌సైటులో పెట్టాలి. ఇవాళే మీవాడి యూనివర్సిటీ పేరు పక్కన హేజింగ్ రిపోర్ట్ అని కొట్టి చూడండి. ఆ చాప్టర్ పేరు అందులో కనపడితే ఇక నా ఉత్తరం చదవక్కర్లేదు, కట్టకండి.

పేరు లేనంత మాత్రాన నిశ్చింత కాదు. మేం గమనించనిది కారు సంగతి. మావాడు ప్లెడ్జ్‌గా ఉన్న వారాల్లో రాత్రి ఒంటిగంటన్నరకి ఫోన్ వస్తే వెళ్ళి, తాగిన సీనియర్లని బార్ల దగ్గర్నుంచి ఇళ్ళకి దింపేవాడు. కారు నా పేరు మీద, ఇన్సూరెన్స్ నా పేరు మీద, నడిపేది నిద్రలేని పద్దెనిమిదేళ్ళ పిల్లాడు. టోల్ బిల్లు చూసి అడిగితేగానీ తెలియలేదు. మర్నాడే కారు ఇంటికి తెచ్చేశాను. వాణ్ణి చాప్టర్ నుంచి ఎవరూ పంపేయలేదు, కారున్న ఇంకో పిల్లాడి మీద పడ్డారు. ఆ పిల్లాడి తల్లిదండ్రులకి చెప్పాలని అప్పుడు తోచలేదు.

మా ఇంట్లో ఒక గుర్తు పెట్టుకున్నాం. వాడు “గోంగూర పచ్చడి అయిపోయింది” అని మెసేజ్ పెడితే వెంటనే నేను ఫోన్ చేసి, ఇంట్లో అర్జెంటు అని గట్టిగా పిలవాలి. అప్పుడు లేచి రావడానికి సాకు దొరుకుతుంది, పరువూ పోదు. నాలుగేళ్ళలో రెండుసార్లు అయిపోయింది పచ్చడి. ఒకసారి మాత్రం నిజంగానే అయిపోయింది.

మీరు వచ్చి నాలుగేళ్ళే అన్నారు కాబట్టి మీవాడు ఏదో వీసా మీదే ఉండుంటాడు. ఇరవై ఒకటి నిండకుండా తాగడం ఇక్కడ పుట్టిన పిల్లలకి కౌన్సెలింగ్‌తో పోవచ్చు. వీసా మీదున్నవాడు తాగి బండి నడుపుతూ అరెస్టయితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దు చేసే అధికారం స్టేట్ డిపార్ట్‌మెంట్‌కి (ఇక్కడి విదేశాంగ శాఖకి) ఉంది. ఈ తేడా వాడి స్నేహితులకి తెలియదు, వాడికి తెలిసుండాలి.

మనవాళ్ళ ఫ్రాటర్నిటీలు లేవా అని చాలామంది అడుగుతుంటారు. ఉన్నాయి. 1965 వలస చట్టం తర్వాత వచ్చినవాళ్ళ పిల్లలు తొంభైల్లో కాలేజీలకి వచ్చాక మొదలుపెట్టుకున్నారు. డెల్టా ఎప్సిలాన్ సై 1998లో ఆస్టిన్‌లో, బీటా కై థీటా 1999లో లాస్ ఏంజెలస్‌లో, ఆడపిల్లలకి డెల్టా ఫై ఒమేగా 1998లో హ్యూస్టన్‌లో పుట్టాయి. వీటికి చాలాచోట్ల మేడలూ స్తంభాలూ ఉండవు, ఖర్చూ తక్కువే. దీపావళికి దియాలు, భాంగ్రా అన్నీ ఉంటాయి. అయితే మన పిల్లలే కదా, ఏం చేస్తార్లే అనుకోకండి. 2013లో న్యూయార్క్ బరూక్ కాలేజీ విద్యార్థి ఆసియావాళ్ళ ఫ్రాటర్నిటీ తంతులోనే, పోకనో కొండల్లో ఇల్లు అద్దెకి తీసుకుని ఆడించిన ఆటలో చనిపోయాడు. 2018లో కోర్టు ఆ సంస్థని పెన్సిల్వేనియాలో పదేళ్ళు నిషేధించింది.

ఎం.ఎస్.కి వచ్చిన పిల్లలకి ఇవి పెద్దగా తగలవు, ఎక్కువగా బి.ఎస్. పిల్లల వ్యవహారం. ఎం.ఎస్. పిల్లలకి రెండే మాటలు. టావు బీటా పై లాంటి గౌరవ సంఘం నుంచి గ్రీకు అక్షరాలతో ఈమెయిల్ వస్తే మోసమని తీసేయకండి, అది 1885 నాటిది, మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి చూడండి. ఫ్రాటర్నిటీ వంటింట్లో గిన్నెలు కడిగితే చేతికి క్యాష్ ఇస్తామంటే మాత్రం వెళ్ళకండి. ఆ ఇల్లు క్యాంపస్ పక్కనే ఉన్నా యూనివర్సిటీది కాకపోవచ్చు. అప్పుడది ఆన్-క్యాంపస్ ఉద్యోగం కింద రాదు, మీ ఎఫ్-1 స్టూడెంట్ వీసాకే ముప్పు.

చెల్లెమ్మా, శుక్రవారం గడువు చూసి కంగారు పడకండి. చాలా చాప్టర్లు జనవరిలో కూడా తీసుకుంటాయి. మొదటి సెమిస్టర్ మార్కులు చూసుకుని అప్పుడు చేరతానని చెప్పమనండి. ఆ మాటకి మొహం మాడ్చుకున్న ఇంట్లో వాడికి పనిలేదు. “సరే, అప్పటిదాకా భోజనానికి వస్తూ ఉండు” అన్నవాళ్ళయితే డబ్బు సిద్ధం చేసుకోండి. చేరాక ఆదివారం రాత్రి ఫోన్ ఎత్తకపోతే మాత్రం హడలిపోకండి, మీటింగులో ఉంటాడు. పదిన్నరకి తనే చేస్తాడు, ఆకలేస్తోందని.