టైప్ చేస్తే అక్షరం పడదేం?

ప్రశ్న: సార్, మాది నల్గొండ. అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి లైనక్స్ కోర్సు చేస్తున్నాను. క్లాసులో వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఫైల్ తెరవమన్నారు. టైప్ చేస్తే అక్షరాలు పడలేదు, పైగా ఒక లైను మాయమైంది, బయటికి రావడం తెలియక విండోనే మూసేశాను. రూమ్మేట్లంతా వీఎస్ కోడ్ అనే కొత్త ఎడిటర్ వాడుతున్నారు. ఇంత పాతది ఇంకా ఎందుకు నేర్పుతున్నారు? ఇంటర్వ్యూలంటే టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు తప్పేం చేయలేదమ్మా. నోట్‌ప్యాడ్‌లో, వీఎస్ కోడ్‌లో ఏ కీ నొక్కితే ఆ అక్షరం పడుతుంది. వీఐలో మోడ్‌లుంటాయి, అంటే ఒకే కీ ఒక్కో మోడ్‌లో ఒక్కో పని చేస్తుంది, తెరవగానే మీరుండేది నార్మల్ మోడ్‌లో, అక్కడ ప్రతి కీ ఒక కమాండ్. ఎక్స్ నొక్కితే కర్సర్ దగ్గరున్న అక్షరం పోతుంది, డీ రెండుసార్లు నొక్కితే లైను మొత్తం పోతుంది, మీ లైను కూడా బహుశా అలాగే పోయింది. యూ నొక్కితే తిరిగొచ్చేది.

ఇలా ఎందుకు చేశారంటే, 1976లో బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ దీన్ని రాసేటప్పుడు ఇంట్లో ఆయనకున్నది 300 బాడ్ మోడెమ్, అంటే తెర మీదికి సెకనుకి 30 అక్షరాలే వచ్చేవి. మౌస్ లేదు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ అనే టెర్మినల్‌లో (తెర, కీబోర్డు కలిసిన యంత్రం) బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ కీల మీదే ముద్రించి ఉండేవి, అందుకే ఈరోజుకీ వీఐలో కర్సర్ వాటితో కదులుతుంది. తక్కువ కీలతో ఎక్కువ పని జరగాలి, అంతే. ఈ మోడ్‌లు మనిషిని తికమక పెడతాయని లారీ టెస్లర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త గట్టిగా వాదించాడు, కారు నంబర్ ప్లేటు మీద కూడా 'నో మోడ్స్' అని పెట్టుకున్నాడు. మనం రోజూ చేసే కట్, కాపీ, పేస్ట్ ఆయన బృందం జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్‌లో తెచ్చినవే.

రోజూ కోడ్ రాయడానికి వీఎస్ కోడే వాడండి, నా సలహా అదే. కానీ లైనక్స్ సర్వర్ల మీద చాలావరకు మెనూలు, మౌస్ ఏవీ ఉండవు. మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క పోర్ట్ నంబర్ మార్చాల్సి వచ్చింది, ఆ మెషీన్లో ఉన్నది వీఐ ఒక్కటే, ఫోన్లో సీనియర్ ఒక్కో కీ చెబుతుంటే చెమటలు పట్టాయి. నానో అనే తేలికైన ఎడిటర్ ఉంటే హాయి, ఏ కీ దేనికో కింది రెండు లైన్లలో రాసే ఉంటుంది, అక్కడ టోపీ గుర్తు కంట్రోల్ కీ అన్నమాట. ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్ గొప్పదే, ఇప్పుడు మీకు వద్దు.

వీఐలో ఇవి చాలు: రాయడానికి ఐ, ఆపడానికి ఎస్కేప్, సేవ్ చేసి బయటికి రావడానికి కోలన్ డబ్ల్యూ క్యూ, ఏమీ సేవ్ చేయకుండా రావడానికి కోలన్ క్యూ ఆశ్చర్యార్థకం. విమ్‌ట్యూటర్ అనే కమాండ్ కొడితే పాఠం తెరుచుకుంటుంది, అరగంట పడుతుంది.

ఇంకో మాట. మీ క్లాసులో తెరిచింది చాలావరకు వీఐకి మెరుగైన రూపం విమ్ అయ్యుంటుంది. విండో మూసేశారు కాబట్టి, మళ్ళీ అదే ఫైల్ తెరిస్తే స్వాప్ ఫైల్ (సేవ్ చేయని మార్పులు దాచే తాత్కాలిక ఫైల్) ఉందంటూ పెద్ద హెచ్చరిక రావచ్చు. కంగారు పడకండి. ఆర్ నొక్కితే ఆరోజు చేసిన మార్పులు తిరిగొస్తాయి, సరిగ్గా ఉందో లేదో చూసుకుని సేవ్ చేసి బయటికి రండి, మళ్ళీ తెరిచినప్పుడు అదే హెచ్చరిక వస్తే ఈసారి డీ నొక్కండి, ఆ పాత స్వాప్ ఫైల్ పోతుంది.