ఓటును బట్టి విశ్వాసాన్ని కొలవవచ్చా?

ప్రశ్న: అయ్యా, మా మరిది వేరే పార్టీని సమర్థిస్తున్నాడని సంఘంలో కొందరు అతణ్ణి ‘నిజమైన విశ్వాసి కాదు’ అన్నారు. అప్పటినుంచి అతను గృహ ప్రార్థనకు రావడం లేదు. నేనేం చేయాలి?
– ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: అమ్మా, ఆ మాట అన్నవారిది తప్పు, దీనిని మెత్తబరిచి చెప్పడం నాకు ఇష్టం లేదు. యేసు ఏర్పరచుకున్న పన్నెండుగురు శిష్యుల్లో రోమా పాలన కింద సుంకం వసూలు చేసిన మత్తయి ఉన్నాడు. రోమా పాలనను వ్యతిరేకించినవాడని చాలామంది వ్యాఖ్యాతలు భావించే, జెలోతే అనబడిన సీమోనూ ఉన్నాడు. వారిద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టిన ప్రభువు పేరున మనం ఒకరిని వెలివేయడం ఎలా న్యాయమవుతుంది?

మీరు మీ మరిది ఇంటికి వెళ్లండి. అతను ఆ పార్టీని ఎందుకు నమ్ముతున్నాడో అడిగి, అతని వాదనను అతనే ఒప్పుకునేలా తిరిగి చెప్పగలిగేంతవరకు వినండి. వినడానికి వేగిరపడమనీ, మాట్లాడడానికి నిదానించమనీ యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చెప్పేది ఇదే. ఆ తరువాత మీ అభిప్రాయాన్ని, ముఖ్యంగా పేదలకు అన్యాయం జరుగుతోందని మీకు తోచిన చోట, దాచకుండా చెప్పండి. గౌరవమంటే మౌనం కాదు.

ప్రార్థనా కూటంలో ఓట్ల మాట ఎత్తవద్దని పాస్టరుగారిని కూడా కోరండి. మతం పేరుతో ఓట్లు అడగడాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అవినీతికర చర్యగా పరిగణిస్తుంది.