మాత్ర గుర్తుండదు, సిరిమాను మరపురాదు

ప్రశ్న: మా అమ్మగారికి డెబ్బై రెండేళ్లు. చిన్ననాడు తాతగారి భుజాలెక్కి చూసిన పైడితల్లి సిరిమానోత్సవాన్ని, జనం అరటిపళ్లు విసరడంతో సహా పూసగుచ్చినట్లు చెబుతారు. పొద్దున మాత్ర వేసుకున్నారో లేదో మాత్రం చెప్పలేరు. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆ రెండూ ఒకే తీరున నమోదైన జ్ఞాపకాలు కావు. మాత్ర రోజూ అదే గ్లాసుతో, అదే అరుగు మీద, మనసు మరెక్కడో ఉండగా వేసుకునేది కనుక నిన్నటిదీ నేటిదీ కలగలిసిపోతాయి. సిరిమాను అలా కాదు. భయం, సంబరం కలిసిన ఆ దృశ్యాన్ని ఆమె ఎన్నోసార్లు చెప్పుకొని ఉంటారు, చెప్పిన కొద్దీ అది స్థిరపడింది. అయితే జ్ఞాపకం ఫొటో కాదు, తలచుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని మళ్లీ అల్లుతుంది. ఆ అల్లికలో ఇతరులు చెప్పిన ముక్కలూ చేరవచ్చు.

కొత్త అనుభవాలను నిలపడంలో మెదడులోని హిప్పోకాంపస్‌ది కీలకపాత్ర. 1953లో మూర్ఛకు శస్త్రచికిత్స చేసి రెండు వైపులా ఆ భాగాన్ని చాలావరకు తొలగించాక, అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్‌కు బాల్యం గుర్తుంది గానీ కొత్త సంఘటనలు నిలవలేదు.

వారం రోజుల గళ్లున్న మాత్రల డబ్బా కొనివ్వండి, గడి ఖాళీ అయిందో లేదో చూస్తే చాలు. అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం వంటివి ఉంటే మాత్రం, వయసుదేలే అని ఊరుకోక న్యూరాలజిస్టుకు చూపించండి.