ఇంట్లో డెర్మా రోలర్ వాడొచ్చా, అమ్మకీ నాకూ ఒకటి సరిపోతుందా అని అడిగిన చెల్లికి

మీరు అడిగింది ఇదీ: వయసు 48, నుదుటి మీదా బుగ్గల మీదా సన్న ముడతలు మొదలయ్యాయి, ఆన్‌లైన్‌లో డెర్మా రోలర్ (పిడి చివర సన్న సూదులు నిండిన చిన్న చక్రం, ముఖం మీద దొర్లించేది) చూశారు, ఇంట్లో వాడితే పని చేస్తుందా, ఎవరైనా వాడారా అని. చివర్లో ఇంకో మాట కలిపారు. అమ్మగారికి 70 ఏళ్లు, షుగరుంది, గుండె కోసం రక్తం పలచబడే బిళ్లలు వేసుకుంటారు, ఆవిడా సరదా పడుతున్నారు, ఇద్దరికీ ఒక రోలర్ సరిపోతుందా అని.

ఆ చివరి మాట చూసే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను. సరిపోదండి. ఒక రోలర్ ఒక మనిషికే. తల్లీకూతుళ్లయినా, అక్కచెల్లెళ్లయినా, ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లయినా సరే.

మాది పాలకొల్లు. మగ్గం వర్క్ జాకెట్లు కుట్టే షాపుంది నాకు. యాభై దాటాయి. ఏడాది పైనుంచి రోలర్ వాడుతున్నాను, పని చేస్తుందనే చెప్తాను. నుదుటి మీద అడ్డగీతలు పలచబడ్డాయి. బుగ్గ మీద చెయ్యి వేస్తే తగిలే గరుకు పోయింది. ముక్కు పక్కనుంచి నోటి దాకా దిగే లోతు గీతలు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. వాటిని ఇంట్లో వాడే రోలర్ చెరపలేదు. చెరుపుతుందని వీడియోల్లో చూపించే ఫోటోలు నమ్మకండి. వాడకముందు ఫోటో ఒక లైటులో, వాడాక ఫోటో ఇంకో లైటులో తీసి పెడతారు.

అసలు సంగతంతా సూది పొడవులో ఉంది. ముఖం మీద పై పొర మందం మిల్లీమీటరులో ఇంచుమించు పదో వంతు ఉంటుంది. చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్ కొల్లాజెన్, అది తయారయ్యేది దాని కింది పొరలో. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు సూదులు ఆ కింది పొరలోకి దిగి సన్న గాయాలు చేస్తే, ఒళ్లు వాటిని మాన్పుకుంటూ కొత్త కొల్లాజెన్ పుట్టిస్తుంది. దానికి నెలలు పడుతుంది. అది మత్తు క్రీము రాసి, స్టెరైల్ సూదులతో డాక్టర్లు చేసే పని. ఇంటికి 0.2 నుంచి 0.3 చాలు. నాది 0.25. భీమవరంలో చర్మం డాక్టరమ్మకి చూపించుకుని, ఆవిడ సరేనన్నాకే మొదలుపెట్టాను. "రక్తం చుక్క కనిపించిందంటే మీరు నా పని చేస్తున్నారని అర్థం, ఆపేయండి" అన్నారావిడ. ఆన్‌లైన్‌లో మాత్రం ఒకటిన్నర మిల్లీమీటరువి కూడా పసుపూ కారం అమ్మినట్టు అమ్మేస్తున్నారు. కొనేవాళ్లేమో పొడుగు సూదైతే తొందరగా పని చేస్తుందనుకుంటారు. ఇది నాకు ఒళ్లు మండే విషయం.

ఇప్పుడు పెళ్లి సంగతి చెప్పాలి. పోయిన మాఘమాసంలో మా పెద్దాడపడుచు కూతురి పెళ్లి. రాజోలు దగ్గర వాళ్లూరు. పెళ్లికూతుర్ని చేసే ముందురోజు సాయంత్రం టౌను నుంచి బ్యూటీషియన్ వచ్చింది. బ్రైడల్ ప్యాకేజీ అట, పెళ్లికూతురితో పాటు ఇంట్లో ఆడవాళ్లకి కూడా చేస్తుందట. నడిమింట్లో చాపలు పరిచారు. అమ్మాయి బ్యాగులోంచి రోలర్ తీసింది, బంగారు రంగు పిడి. ముందు మా తోటికోడలి ముఖం మీద దొర్లించింది. తర్వాత దాన్ని గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ముంచి, టిష్యూతో తుడిచి, పెళ్లికూతురి వైపు తిరిగింది.

"ఇంకోటి లేదా అమ్మా?" అన్నాను.

"కడిగాను కదండీ" అంది.

చేతిలోంచి తీసుకుని ట్యూబ్‌లైటు కిందకి వెళ్లి, ఫోన్ కెమెరా జూమ్ చేసి చూశాను. సూదుల వరసల మధ్య తెల్లటి చర్మపు పొట్టు ఇరుక్కుని ఉంది. ఒకచోట ఎర్రగా కూడా ఉంది. రెండు మూడు సూదుల మొనలు పక్కకి తిరిగిపోయాయి. పెళ్లికూతురి జాకెట్‌కి హుక్కులు వేద్దామని నా సరంజామా సంచి వెంట తెచ్చుకున్నాను. అందులోంచి పట్టు ముక్క ఒకటి తీసి, దాని మీద రోలర్ మెల్లగా ఒక్కసారి దొర్లించాను. పోగులు లేచి వచ్చేశాయి. ఆ ముక్క చాప మీద పరిచి అందరికీ చూపించాను. మా పనిలో మొన చూసుకోకుండా సూదిని పట్టు మీద పెట్టం. మొన వంగిన సూది గుడ్డని గుచ్చదు, చీరుతుంది. చర్మాన్నీ అంతే.

"నాకొద్దత్తా" అని పెళ్లికూతురు లేచిపోయింది.

మా వదినకి కోపం వచ్చేసింది. రక్తంతో అంటుకునే రోగాలు, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి, ఇంకా హెచ్ఐవీ అని నేను పేర్లు పెట్టి చెప్పాను మరి. "శుభమా అని పెళ్లి జరుగుతుంటే ముత్తయిదువల మధ్య ఆ రోగాల పేర్లేంటి? ఇక్కడ బయటోళ్లు ఎవరున్నారు, అందరం మనవాళ్లమే కదా" అంది.

"మనవాళ్లమే వదినా. ఎవరి రక్తంలో ఏముందో మనకి తెలీదు, అదే చెప్తున్నా" అన్నాను.

ఇందులో దాచిపెట్టాల్సింది ఏముందండీ? హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి చాలామందికి ఏళ్ల తరబడి తెలియనే తెలియదు. ఆ వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లకి అది చస్తుందా?

మా అత్తగారు గోడకి ఆనుకుని అంతా వింటున్నారు. ముంజేయి చాపి, "మా చిన్నప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆవిడ ఒక్క సూదితో వీధంతా పొడిచేది. మాకేమైందే?" అన్నారు. నిజానికి ఈ రోలర్ కథలోనూ పచ్చబొట్టు ఉంది. 1997లో కెనడా సర్జన్ కామిరాండ్, ఆయనతో పాటు ఇంకో డాక్టరు, రంగు పోయకుండా ఉత్త పచ్చబొట్టు మిషన్‌తో ముఖం మీద మచ్చల్ని గుచ్చితే అవి మెరుగుపడ్డాయని రాశారు. ఆ తర్వాత దక్షిణాఫ్రికా ప్లాస్టిక్ సర్జన్ డెస్మండ్ ఫెర్నాండెస్ దొర్లించే రోలర్‌ని తయారు చేశాడు. అత్తగారికి అది చెప్పాను, ఆవిడ కాలంలో వీధిలో ఎవరికి ఏ కామెర్లు ఎందుకొచ్చాయో లెక్క చూసినవాళ్లు లేరని కూడా చెప్పాను. ఇప్పుడు చూస్తున్నారు. అమెరికాలో న్యూ మెక్సికోలో లైసెన్సు లేని ఒక స్పాలో 'వాంపైర్ ఫేషియల్' (మన రక్తమే తీసి, సూదులతో గుచ్చుతూ ముఖానికి ఎక్కించేది) చేయించుకున్న ఆడవాళ్లకి హెచ్ఐవీ సోకిన సంగతిని 2024లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రిపోర్టుగా రాసింది. ఆ స్పాని 2018లోనే మూయించారు. అంత పెద్ద దేశంలోనే అలా జరిగితే, మన నడిమింట్లో నీళ్ల గిన్నె ఎంతవరకు కాపాడుతుంది?

బ్యూటీషియన్ సర్దుకుని వెళ్లిపోయింది. వదిన రెండు రోజులు నాతో ముభావంగానే ఉంది. ఉంటే ఉండనీ. అదే గదిలో మళ్లీ కూర్చోబెడితే మళ్లీ అదే చేస్తాను.

తోటికోడలి విషయం వినండి. ఆమెకి అప్పటికే చేసేశారు. మర్నాడు నలుగు పెట్టేటప్పుడు ఆ గుచ్చిన ముఖం మీదే పసుపూ సున్నిపిండీ రుద్దేశారు. రుద్దొద్దని చెప్తే, పసుపు కంటే మంచి మందు ఏముంది అన్నారు. ఆ పైన పందిట్లో ఎండ. నెల తిరిగేసరికి రెండు బుగ్గల మీదా రోలర్ వెళ్లిన దారిలోనే గోధుమరంగు చారలు తేలాయి. మన రంగు చర్మానికి చిన్న గాయమైనా నలుపు మిగులుస్తుంది, తెల్లవాళ్ల వీడియోలు చూసి మనం చేయకూడనిది అందుకే. సరే, ఆ చారలకి ఆమె ఏం చేసింది? మెడికల్ షాపుకి వెళ్లి "ముఖం తెల్లబడే ట్యూబు" అడిగింది. ఇచ్చేశాడు. చీటీ అడగలేదు. చూస్తే మూడు మందులు కలిపిన క్రీము, అందులో ఒకటి స్టెరాయిడ్. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములు 14 రకాల్ని షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మా డెల్టాలో ఏ సెంటర్‌కైనా వెళ్లండి, టీ తాగినంత తేలిగ్గా దొరుకుతుంది. మొదటి వారాల్లో "అక్కా, రంగు తేలిపోతున్నాను చూడు" అని ఫోటోలు పంపింది. మానేసేసరికి ముఖమంతా ఎర్రగా మంట, చిన్న చిన్న పొక్కులు, ఎండలోకి వెళ్తే కళ్ల నీళ్లు. ఇప్పుడు డాక్టరు దగ్గర తిరుగుతోంది. పెళ్లిళ్లలో "ఏంటే ఇలా నల్లబడిపోయావు" అని పలకరించేవాళ్లు మానేస్తే ఈ ట్యూబుల అమ్మకం సగం పడిపోతుందని నా నమ్మకం. పలకరింపులా అది? మనిషిని చూడగానే క్షేమం అడగాలి కానీ రంగు అడుగుతారా?

ముడతల గురించి కదా అడిగారు. మన వైపు ముఖాల్ని ముసలివాటిని చేసేది ఎండేనండి. నా షాపుకి వచ్చేవాళ్లలో నాట్లకి వెళ్లే ఆడవాళ్లుంటారు, రొయ్యల చెరువుల గట్ల మీద ఉండేవాళ్లుంటారు. జాకెట్ కొలత తీసుకునేటప్పుడు చూస్తాను కదా, మెడ వెనక జాకెట్ కప్పిన చోట చర్మం పదహారేళ్ల పిల్లలా నున్నగా ఉంటుంది, కప్పని చోట తోలులా మందంగా, గీతలు పడి ఉంటుంది. వయసు ఒక్కటే, మనిషి ఒక్కరే. 2012లో అమెరికా వైద్య పత్రికలో ఒక లారీ డ్రైవరు ఫోటో వచ్చింది. 28 ఏళ్లు డెలివరీ లారీ నడిపాడు, కిటికీ వైపున్న ఎడమ సగం ముఖం ముడతలు పడి వేలాడుతోంది, కుడి సగం బాగానే ఉంది. అద్దంలోంచి వచ్చే ఎండకే అంత. కాబట్టి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసుకోవడం, బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవడం చేతకాకపోతే రోలర్ కొనకండి. ఆ డబ్బుతో సన్‌స్క్రీనే కొనుక్కోండి.

కొంటానంటే, నేను చేసే పద్ధతి ఇది. వారానికోసారి, రాత్రి భోజనాలయ్యాక, ఫ్యాను కింద. రోహిణి కార్తెలో ముట్టుకోను, చెమట పట్టి మంట తప్ప లాభం లేదు. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి ముఖం టిన్ను నీళ్లతో కడుక్కుంటాను. రోలర్ తల మునిగేలా 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, గాలికి ఆరనిచ్చి, అప్పుడు వాడతాను. మరిగే నీళ్లలో వేయకండి, ప్లాస్టిక్ వంకరపోతుంది. బరువు వేయకుండా ఒక దిక్కుకి దొర్లించి, పైకి ఎత్తి, మళ్లీ పెట్టాలి. చర్మం మీద ఉండగా పక్కకి తిప్పారంటే గీరుకుంటుంది. కనురెప్పలు, పెదవులు వదిలేయాలి. అయ్యాక వాసన లేని మామూలు మాయిశ్చరైజర్ ఒక్కటే. విటమిన్ సి సీరమ్, రెటినాల్, నిమ్మరసం, తేనె, పసుపు ఏవీ ఆ రాత్రి వద్దు. గుచ్చిన దారిన లోపలికి దిగిపోతాయి, కొందరికి ఆ సీరమ్‌లకే చర్మం కింద గడ్డలు కట్టాయి. ఇక నా పట్టు ముక్క పరీక్ష ప్రతిసారీ ఉంటుంది. ఒక్క పోగు లేచినా ఆ రోలర్ చెత్తబుట్టలోకే. పోగు లేవకపోయినా రెండు నెలలు దాటనివ్వను. కొనేటప్పుడు సూదులు విడివిడిగా అమర్చినవా, రేకు చక్రాలకి పళ్లు కోసి గుచ్చినవా చూడండి. చవకవాటిలో ఎక్కువ రెండో రకమే, వాటితో పెద్ద కన్నాలు పడతాయి.

మొటిమలు పచ్చిగా ఉన్నా, పెదవి పక్కన పొక్కులు లేచినా అవి మానేదాకా ఆగాలి. మొటిమలకి ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వాడుతున్నా, చెవులు కుట్టించిన చోట కండ పెరిగిన ఒళ్లయినా డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

అమ్మగారికి మాత్రం వద్దండి. షుగరున్న ఒంటికి గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే అవకాశం ఎక్కువ. రక్తం పలచబడే బిళ్లలు వేసుకునేవాళ్లకి చిన్న గాటుకే రక్తం తొందరగా ఆగదు. ఆవిడకి స్నానం చేసి తుడుచుకోగానే తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాయండి, పొద్దున సన్‌స్క్రీన్ రాయండి, గుడికి వెళ్లేటప్పుడు గొడుగు పట్టండి. సరదా తీరాలంటే నెలకోసారి చర్మం డాక్టరు చెప్పినదేదైనా చేయించండి. పార్లర్‌లో ఎవరైనా "రెండు రోజులు ఆ బిళ్లలు ఆపండి, మేం చేసేస్తాం" అంటే వెంటనే లేచి వచ్చేయండి. ఆ బిళ్ల గుండె డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దు.