నైజీరియా ట్విట్టర్‌లో గొడవంతా ఓచర్ గురించే

మీ ప్రశ్న: "నైజీరియా వాళ్ళు సోషల్ మీడియాలో వాళ్ళ ప్రభుత్వాన్ని అంతలా ఏకిపారేస్తుంటారు కదా, దానివల్ల నిజంగా ఏమైనా మారిందా? దేశ భద్రత విషయాలు అలా అందరిముందూ పెట్టి మాట్లాడుకోవడం మంచిదేనా?"

నేను 2016 నుంచి 2022 దాకా లాగోస్‌లో ఉన్నాను. ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూసేవాణ్ణి. కాబట్టి ఇది రాజకీయాలు చదువుకున్నవాడి జవాబు కాదు, ఓచర్లు తిరగేసి తిరగేసి జుట్టు రాలగొట్టుకున్నవాడి జవాబు. ఆ మేరకే తీసుకోండి.

మారిందా అంటే డబ్బు విషయంలో కొంత మారింది. భద్రత విషయంలో మాత్రం గొంతు పోవడమే ఎక్కువ. ఈ తేడా ఎందుకో అక్కడున్న ఆరేళ్ళలో మెల్లగా అర్థమైంది.

2018 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే మా డ్రైవర్ కారు తుడవడం ఆపేసి, అద్దం పగిలిన ఫోను నా మొహం ముందు పెట్టి ఒకటే నవ్వు. సంగతేమిటంటే, మకుర్డి అనే ఊళ్ళో యూనివర్సిటీ ప్రవేశ పరీక్షల బోర్డు ఆఫీసుకి ఆడిటర్లు వెళ్ళారు, 3 కోట్ల 60 లక్షల నైరాల లెక్క తేలలేదు, డబ్బేదమ్మా అంటే అక్కడి గుమాస్తా పాము మింగేసిందని చెప్పిందట. నేను కట్టుకథ అనుకున్నాను, తీరా చూస్తే పేపర్లన్నిటిలోనూ వచ్చింది. అవినీతి కేసులు చూసే ఈఎఫ్‌సీసీ గుర్తు గద్ద, డబ్బు మింగే పాముని గద్ద వదలదని వాళ్ళే ట్విట్టర్‌లో పెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు మా ఆఫీసులో పెట్టీ క్యాష్ ఎక్కడ తగ్గినా "పాము వచ్చిందా?" అని అడగడం మామూలైపోయింది. నేనూ అడిగాను, తప్పేముంది.

వాళ్ళ నవ్వుని మనం తేలిగ్గా తీసుకుంటాం గానీ, ఆ నవ్వే లెక్కని బతికిస్తుంది. 2020 జులైలో ఇంకొకటి చూశాను. చమురు తీసే నైజర్ డెల్టా ప్రాంతాన్ని బాగుచేయడానికి ఒక కమిషన్ ఉంది, అక్కడ ఖర్చుల మీద పార్లమెంటు కమిటీ విచారణ, టీవీలో లైవ్. ప్రశ్నలు అడుగుతుండగానే కమిషన్ తాత్కాలిక అధిపతి కుర్చీలోనే స్పృహ తప్పాడు. అదే రోజు మంత్రి గాడ్స్‌విల్ అక్పాబియో మైకు పట్టుకుని, అసలు కాంట్రాక్టులు ఎక్కువగా తెచ్చుకుంది మీ సభ్యులే కదా అన్నట్టు మొదలుపెట్టగానే ఛైర్మన్ కంగారుగా "ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే, ఆఫ్ యువర్ మైక్" అన్నాడు. సాయంత్రానికి ఆ ముక్క ప్రతి ఫోనులోనూ ఉంది. మా క్యాంటీన్‌లో ఎవడైనా జీతాల సంగతి ఎత్తితే పక్కవాడు "ఆఫ్ యువర్ మైక్" అనేవాడు. తర్వాత 2023లో అదే అక్పాబియో సెనేట్ ప్రెసిడెంట్ అయ్యాడు, ఇప్పుడు ఎవరి మైకు ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్తాడు. సరే, అది వాళ్ళ ఖర్మ.

కానీ అక్కడ పట్టుకోవడానికి కాగితం ఉంది. 2011లో సమాచార హక్కులాంటి చట్టం వచ్చింది, అదే ఏడాది బడ్జిట్ అనే సంస్థ మొదలైంది, వీళ్ళు బడ్జెట్‌లోని అంకెల్ని మామూలు మనిషికి అర్థమయ్యే బొమ్మలుగా వేసి ఆన్‌లైన్‌లో పెడతారు. ఫలానా ఊళ్ళో బోరుబావికి ఇంత ఖర్చు అని బడ్జెట్‌లో ఉంటే ఆ ఊరికి వెళ్ళి ఫోటో తీస్తారు. బోరు ఉంటే ఉంది, లేకపోతే ఖాళీ స్థలం ఫోటో వస్తుంది. ఖాళీ స్థలం ఫోటోతో వాదించడం ఎంత పెద్ద నాయకుడికైనా కష్టమే.

ఇక భద్రత. అక్కడ ప్రెసిడెంటుకీ గవర్నర్లకీ 'సెక్యూరిటీ ఓటు' అని ఒక పద్దు ఉంటుంది. ఓటు అంటే ఎన్నికల ఓటు కాదు, ఖర్చుకి కేటాయించిన డబ్బు. దానికి ఆడిట్ లేదు, సభలో చర్చ లేదు, చాలాసార్లు నగదుగానే తీస్తారు. దేనికి ఖర్చు పెట్టారని అడిగితే 'భద్రత' అంటారు, వివరం అడిగితే 'భద్రత కాబట్టి చెప్పకూడదు' అంటారు. 2018లో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ వేసిన అంచనా ప్రకారం దేశమంతా కలిపి ఈ పద్దు ఏడాదికి దాదాపు 67 కోట్ల డాలర్లు, నైజీరియా సైన్యం వార్షిక బడ్జెట్ కంటే ఎక్కువ. మా ఫ్యాక్టరీలో ఐదువేల నైరాల డీజిల్‌కి బిల్లు లేకపోతే నేను సంతకం పెట్టను. ఇక్కడ 67 కోట్ల డాలర్లకి ఓచర్ లేదు.

ఓచర్ లేని చోటికి పుకారు వచ్చి కూర్చుంటుంది, దాన్ని జనం తప్పు అని నేను అనలేను. 2014 ఏప్రిల్ 14 రాత్రి బోర్నో రాష్ట్రంలోని చిబోక్ స్కూలు నుంచి బోకో హరామ్ తీవ్రవాదులు 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయారు. రెండ్రోజులకే సైన్యం దాదాపు అందరూ బయటపడ్డారని ప్రకటించింది, మర్నాడు ఆ మాట వెనక్కి తీసుకుంది. పిల్లల తల్లిదండ్రులు టీవీ ముందు కూర్చుని ఈ రెండు మాటలూ విన్నారు. 'బ్రింగ్ బ్యాక్ అవర్ గర్ల్స్' ఉద్యమం పుట్టింది ఆ రోజుల్లోనే. మాజీ మంత్రి ఓబీ ఎజెక్వెసిలి లాంటివాళ్ళు అబుజాలో రోజూ ఒకచోట కూర్చునేవాళ్ళు, మిషెల్ ఒబామా కూడా అట్ట పట్టుకుని ఫోటో దిగింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో అప్పటి ప్రెసిడెంటు గుడ్‌లక్ జొనాథన్ ఓడిపోయాడు, అదొక్కటే కారణమని కాదు గానీ అదీ ఒక కారణమే. నేనున్నప్పుడు 2016 అక్టోబర్‌లో 21 మంది, 2017 మేలో 82 మంది విడుదలయ్యారు. పదేళ్ళు దాటినా ఇంకా 80 మందికి పైగా ఇళ్ళకి రాలేదు.

అంకెల దగ్గర ఈ గొడవ ఆగదు. 2024 మార్చిలో కురిగా అనే ఊళ్ళో బడిపిల్లల్ని ఎత్తుకుపోతే ముందు 287 అన్నారు, విడిపించాక సైన్యం 137 అంది. అధికారులు అందరూ వచ్చేశారంటారు, నమ్మేవాడు నమ్ముతాడు, నమ్మనివాడు పోస్టు పెడతాడు. 2017లో అయితే జొనాథన్ తర్వాత వచ్చిన ప్రెసిడెంటు బుహారీ వైద్యం కోసం లండన్ వెళ్ళి వంద రోజులకి పైగా ఉండిపోయాడు, జబ్బేమిటో ఎవరూ చెప్పలేదు. ఇంకేముంది, అసలాయన చనిపోయాడు, ఇప్పుడున్నది సూడాన్ నుంచి తెచ్చిన జుబ్రిల్ అనే వేషగాడు అని కథ లేచింది. చివరికి 2018 డిసెంబర్‌లో పోలండ్‌లో ఆయనే స్వయంగా "నేను నేనే" అని చెప్పుకోవాల్సి వచ్చింది. మా డ్రైవర్ సగం నమ్మాడు. జబ్బు పేరు ఒక్క లైన్‌లో చెప్పి ఉంటే ఈ భాగోతం ఉండేదా?

లాగోస్‌లోని లెక్కి అనే చోట జరిగిన సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. సార్స్ అని దొంగతనాల్ని అరికట్టడానికి 1992లో పెట్టిన పోలీసు విభాగం, రానురాను మంచి ఫోనూ లాప్‌టాప్ ఉన్న కుర్రాడు కనిపిస్తే చాలు సైబర్ దొంగ అని పట్టుకుని డబ్బు గుంజుతోందని పేరు తెచ్చుకుంది. మా ఆఫీసులో డిజైన్లు వేసే కుర్రాడు లాప్‌టాప్‌ని బ్యాగులో తెచ్చేవాడు కాదు, బ్రెడ్డు ప్యాకెట్లున్న పాలిథిన్ సంచి అడుగున పెట్టుకొచ్చేవాడు. 2020 అక్టోబర్‌లో నిరసనలు దేశమంతా పాకాక 11న సార్స్‌ని రద్దు చేశారు, రెండ్రోజులకే స్వాట్ అని కొత్త విభాగం ప్రకటించారు. బోర్డు మార్చి కొట్టు అదే తెరిచారని జనం రోడ్లు వదల్లేదు.

అక్టోబర్ 20న మధ్యాహ్నం, నాలుగు గంటల నుంచి లాగోస్ మొత్తం కర్ఫ్యూ అని చెప్పారు. కోటిన్నర జనం ఉన్న ఊరు నాలుగు గంటల్లో ఇళ్ళకి ఎలా చేరుతుంది? ట్రాఫిక్ గడ్డకట్టాక తొమ్మిదికి మార్చారు. నేను ఏడింటికి క్వార్టర్స్ చేరేసరికి మా వంటవాడు, వాచ్‌మన్, నేను ముగ్గురం ఒకే ఫోను చుట్టూ నిలబడ్డాం. లెక్కి టోల్‌గేట్ దగ్గర లైట్లు ఆరిపోయి ఉన్నాయి, కుర్రాళ్ళు జెండాలు పట్టుకుని జాతీయగీతం పాడుతున్నారు, తర్వాత తుపాకుల చప్పుడు. డీజే స్విచ్ అనే అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో లైవ్ పెట్టింది, లక్ష మందికి పైగా చూస్తున్నారు. మా వాచ్‌మన్ మాట్లాడలేదు, వెళ్ళి గేటుకి రెండో తాళం వేసి వచ్చాడు.

మర్నాడు సైన్యం వార్తల ఫోటోల మీద 'ఫేక్ న్యూస్' అని ఎర్రముద్ర కొట్టి ట్విట్టర్‌లో పెట్టింది. తర్వాత, అవును మేం అక్కడికి వెళ్ళాం అన్నారు. ఇంకొన్నాళ్ళకి, ఉత్తుత్తి తూటాలతోపాటు నిజం తూటాలు కూడా తీసుకెళ్ళాం అని విచారణ ప్యానెల్ ముందు ఒప్పుకున్నారు. 2021 నవంబర్‌లో బయటికొచ్చిన ప్యానెల్ నివేదిక దాన్ని మారణకాండ అనే మాటతోనే పోల్చింది, రాష్ట్ర ప్రభుత్వం అందులోని ముఖ్యమైన నిర్ధారణల్ని తోసిపుచ్చింది. ఆ రాత్రి ఫోన్లు లేకపోతే మొదటి మాటే చరిత్ర అయిపోయేది. నాకు ఇందులో అనుమానం లేదు.

అయితే నా తప్పు కూడా చెప్పాలి. ఆ తర్వాత రెండ్రోజులు ఊరంతా మంటలు, దోపిడీలు. మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులోకి నేనొక వీడియో పంపాను, గుంపు మన పేట వైపు వస్తోంది, అందరూ జాగ్రత్త అని. టెన్షన్‌లో ఉన్నాను, ఎవరు పంపారో కూడా చూసుకోలేదు. రెండు కుటుంబాలు పిల్లల్ని ఎత్తుకుని, కరెంటు లేని చీకట్లో, కాంపౌండు అవతలి ఫ్లాట్లకి మారారు. ఒకామెకి మెట్ల మీద కాలు మడతపడింది. గంట తర్వాత గ్రూపులో పెద్దాయన ఫోన్ చేసి, "ఏమయ్యా, అందులో బండ్ల నంబర్లు చూశావా? అది లాగోసే కాదు" అన్నారు. నిజమే, వేరే ఊరిది, పాతది. ఆయన తిట్టలేదు, అదే ఎక్కువ బాధేసింది.

అందుకే మీ రెండో ప్రశ్నకి 'మంచిదే' అని కళ్ళు మూసుకుని చెప్పలేను. సైన్యం కదలికల వీడియోలు పెట్టేవాళ్ళని చూశాను, ఎత్తుకుపోయినవాళ్ళని విడిపించడానికి బేరం నడుస్తుండగా కుటుంబం వివరాలు బయటపెట్టేవాళ్ళని చూశాను. దొంగతనం జరిగితే చాలు ఫులానీవాళ్ళే అని ఒక జాతి మొత్తానికి అంటగట్టడం అయితే రోజూ ఉండేది. నైజీరియాలో క్రైస్తవుల్ని చంపుతున్నారంటూ 2025 నవంబర్ మొదట్లో ట్రంప్ సైన్యాన్ని పంపుతానని బెదిరించాక ఈ గొడవ ప్రపంచమంతా పాకింది. క్రైస్తవ పల్లెల మీద దాడులు నిజమే, కానీ ఈశాన్యంలో బోకో హరామ్ చేతిలో పోయినవాళ్ళలో ముస్లింలు ఎంతమందో ఆ పోస్టులు పెట్టేవాళ్ళకి పట్టదు.

కానీ దానికి మందు నోరు మూయించడం అంటే ఒప్పుకోను, ఎందుకంటే ఆ మందు వేసి చూశారు. 2021 జూన్ 1న బుహారీ 1967-70 నాటి బియాఫ్రా అంతర్యుద్ధాన్ని గుర్తుచేస్తూ, అల్లర్లు చేసేవాళ్ళకి అర్థమయ్యే భాషలోనే చెప్తాం అన్నట్టు ట్వీట్ పెడితే ట్విట్టర్ తీసేసింది. 4న ప్రభుత్వం ట్విట్టర్‌నే ఆపేసింది, దేశ ఉనికికే ముప్పు అని కారణం. ఆ ప్రకటన ఎక్కడ పెట్టారనుకున్నారు? ట్విట్టర్‌లోనే. వాడేవాళ్ళ మీద కేసులు పెడతామని అటార్నీ జనరల్ అన్నాడు, జనమంతా వీపీఎన్ ఎక్కారు, నా ఫోను ఏడు నెలలపాటు నెదర్లాండ్స్‌లో కాపురం చేసింది, బ్యాటరీ మాత్రం లాగోస్‌లోనే అయిపోయేది. ఈలోగా నైజీరియా ప్రభుత్వం ట్విట్టర్‌లాంటిదే అయిన మన బెంగళూరు 'కూ'లో ఖాతా తెరిచింది. అందులో తెలుగు కూడా ఉందని నేను గొప్పగా చూపిస్తే మా డ్రైవర్, "ఓగా, ఇందులో గవర్నమెంటుని తిట్టొచ్చా?" అని ఒక్కటే అడిగాడు. ఓగా అంటే అక్కడ సార్ అన్నట్టు. 2024లో 'కూ' మూతపడింది లెండి.

ఆ నిషేధం 2022 జనవరి 13 దాకా, 222 రోజులు నడిచింది. ఆ రోజుల్లోనే, 2021 జులైలో, కడునా రాష్ట్రంలో బెథెల్ బాప్టిస్ట్ స్కూలు నుంచి 120 మందికి పైగా పిల్లల్ని ఎత్తుకుపోయారు. ట్విట్టర్ లేదు, తుపాకులున్నాయి. నిషేధం చట్టవిరుద్ధమని 2022లో పశ్చిమ ఆఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ కోర్టు తేల్చింది కూడా.

చివరగా, మా ఆఫీసు ముచ్చట ఒకటి. సరుకు లోడుతో లారీ బయటికెళ్తే దారిలో ఆపినవాళ్ళ చేతిలో ఎంతో కొంత పెట్టాలి. రసీదు రాదు. ఆ డబ్బుని పుస్తకంలో ఏ పద్దులో రాయాలో తెలీక నాకంటే ముందున్నాయన 'సెక్యూరిటీ, ఇతరములు' అని ఒక హెడ్ తెరిచి వెళ్ళాడు. ఆరేళ్ళు నేనూ అందులోనే రాశాను, ప్రతి నెలాఖరుకీ సంతకం పెట్టాను. నేను వచ్చేసే ముందు వారం పాత ఫైళ్ళు కట్టలు కడుతుంటే మా డ్రైవర్ ఆ రిజిస్టరు తీసి, వేలు పెట్టి ఆ హెడ్ చదివి నావైపు చూశాడు. "అయితే ఓగా," అన్నాడు, "మీకూ సెక్యూరిటీ ఓటు ఉందన్నమాట."