మోకాలి కింద బుడిపె.. మర్దనతో రెండు రోజులే ఉపశమనం ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. స్కూల్ వాలీబాల్ జట్టులో ఆడతాడు. ఈ ఒక్క ఏడాదిలోనే మూడంగుళాలు పొడుగయ్యాడు. నాలుగు నెలలుగా కుడి మోకాలి చిప్ప కింద నొప్పి, అక్కడే గట్టిగా ఒక బుడిపె. ఎగిరినా, మెట్లెక్కినా, గొంతుక్కూర్చున్నా నొప్పి అంటాడు. ఎక్స్‌రేలో ఎముక కొద్దిగా విడివడినట్టు కనిపిస్తోందన్నారు. ఫిజియోథెరపిస్టు మర్దన చేస్తే రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. ఇంట్లో మా అమ్మ రోజూ నువ్వుల నూనె వేడిచేసి రుద్దుతోంది. బంధువులు పుత్తూరు కట్టు వేయించమంటున్నారు. రెండు నెలల్లో జిల్లా సెలక్షన్లు. ఆట మాన్పించాలా?
- ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆస్‌గుడ్-ష్లాటర్ సమస్యలా ఉంది. పేరు విని కంగారు పడకండి. 1903లో బోస్టన్‌లో ఒక డాక్టరు, జ్యూరిక్‌లో మరో డాక్టరు విడివిడిగా దీన్ని వివరించారు. వారి ఇంటిపేర్లే దీనికి స్థిరపడ్డాయి. నన్నడిగితే దీన్ని జబ్బు అనడం కన్నా ఎదిగే వయసులో వచ్చే ఇబ్బంది అనడమే సబబు.

తొడ ముందు కండరం మోకాలి చిప్పను పట్టుకుని, అక్కడి నుంచి టెండన్ అనే గట్టి పట్టీతో కాలి ముందు ఎముకకు అతుక్కుంటుంది. పెద్దవాళ్లలో అతుక్కునే ఆ చోటు గట్టి ఎముకే. 13 ఏళ్ల పిల్లల్లో అది ఇంకా సగం మృదులాస్థి. పైగా ఎముక వేగంగా పొడుగవుతున్నప్పుడు కండరం వెనకబడి బిగుసుకుపోతుంది. అలాంటి సమయంలో రోజూ వందసార్లు ఎగిరి దిగితే, దిగిన ప్రతిసారీ ఆ లేత చోటు లాగినట్టవుతుంది. అక్కడ వాచి, మెల్లగా బుడిపె కడుతుంది. ఎక్స్‌రేలో విడివడినట్టు కనిపించింది చాలావరకు దీనివల్లే. ఫిల్మ్ చూసి ఎముక విరిగిందని అనుకోవద్దు.

అందుకే కట్టు వద్దంటాను. విరగని కాలిని వారాల తరబడి కదలకుండా ఉంచితే తొడ కండరం సన్నబడుతుంది. కట్టు విప్పాక ఆ బలహీనమైన కాలితోనే మళ్లీ కోర్టులోకి దిగాలి. అంతకంటే చేటు లేదు.

ఇక మర్దన. మీ ఫిజియోథెరపిస్టు చేస్తున్నది తప్పేమీ కాదు. బిగుసుకున్న తొడ కండరాన్ని చేతులతో సడలిస్తే, చిప్పను మెల్లగా అటూఇటూ కదిలిస్తే నొప్పి తగ్గుతుంది, కాలు తేలిగ్గా మడత పడుతుంది. కానీ చేతివైద్యం ఎముకకు బలం ఇవ్వదు. ఇందులో ఇంకో చిక్కుంది. నొప్పి తెలియని ఆ రెండు రోజుల్లో పిల్లవాడు మామూలు కంటే ఎక్కువే ఎగురుతాడు. మూడో రోజు నొప్పి తిరిగి వచ్చిందంటే మర్దన పనిచేయలేదని కాదు, ఆ రెండు రోజులను ఆటకు ఖర్చుపెట్టేశారని. ఉపశమనం దొరికిన ఆ సమయం వ్యాయామానికి వాడుకోవాలి. అమ్మగారిని మాన్పించకండి. తొడ మీద రుద్దమనండి, బుడిపె మీద మాత్రం చెయ్యి పడకూడదు.

వ్యాయామాలకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మొదటి నాలుగు వారాలు: కాలు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని నేలకు అదుముతూ తొడను 30 సెకన్లు బిగించాలి. రోజూ పదిసార్లు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం కూడా చేయించండి. ఆ తర్వాత గోడకుర్చీ. అవును, మనందరికీ స్కూల్లో శిక్షగా వేసినదే! గోడకు వీపు ఆనించి, మొదట్లో కొద్దిగా మాత్రమే కిందికి జారాలి. నొప్పి తగ్గేకొద్దీ లోతు పెంచాలి. చివరికి ఒక కాలు ముందుకు వేసి వంగి లేవడం, ఆపైన ఎగరడం. నొప్పికి పదికి ఎన్ని మార్కులో బాబునే అడగండి. రెండు లోపైతే కొనసాగించవచ్చు. ఐదు దాటితే ఆ రోజుకు ఆపేయాలి.

ఆట పూర్తిగా మానక్కర్లేదు, ఎగరడం మాత్రం కొన్ని వారాలు ఆపాలి. ఆ రోజుల్లో నేల మీద నిలబడి సర్వీసు, పాసింగ్ సాధన చేయవచ్చు. సైకిల్, ఈత నొప్పి లేకుండా చేయగలిగితే మంచిదే. ఆడిన సాయంత్రం గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెడితే చాలు. రోజూ నొప్పి మాత్ర వేసి ఆడించడం, ఆ చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించడం రెండూ వద్దు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం నా సలహా పక్కనపెట్టి ఎముకల డాక్టరును కలవండి. రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరం, మోకాలంతా వాపు, కీలు పట్టేయడం. ఎగిరినప్పుడు ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చి కాలు చాపలేకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నిజంగా ఎముక ఊడివచ్చే ప్రమాదం అప్పుడే. కుంటుతూ, తుంటి తిప్పినా నొప్పి అంటే తుంటికీ ఎక్స్‌రే తీయించండి. ఈ వయసులో, ముఖ్యంగా బరువు ఎక్కువున్న పిల్లల్లో, తుంటి జబ్బు మోకాలి నొప్పిగా బయటపడటం మేము చూస్తూనే ఉంటాం.

సెలక్షన్ల సంగతి నిజం చెబుతాను. 2020లో వెలువడిన ఒక డెన్మార్క్ అధ్యయనంలో 10-14 ఏళ్ల పిల్లలు 51 మంది ఇలాంటి పద్ధతే పాటించారు. 12 వారాలకే పదిమందిలో ఎనిమిది మంది బాగా మెరుగయ్యామన్నారు. కానీ అప్పటికి తిరిగి ఆటలోకి వెళ్లగలిగింది 16 శాతమే. ఏడాదికి 69 శాతం. కాబట్టి రెండు నెలల్లో పూర్తిగా సిద్ధమవుతాడని నేను హామీ ఇవ్వలేను. ఈసారి సెలక్షన్లు వదులుకోవాల్సి రావచ్చు. చాలామందిలో ఏడాది, రెండేళ్లలో నొప్పి పోతుంది, బుడిపె మాత్రం ఉండిపోవచ్చు. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు కొందరికి అది గుచ్చుకుంటుంది, అంతే.

కోచ్‌తో మీరే మాట్లాడండి. జట్టులో చోటు పోతుందనే భయంతో 13 ఏళ్ల పిల్లవాడు 'నొప్పిగా ఉంది సార్' అని చెప్పడు. స్కూల్లో శిక్షగా గుంజీళ్లు తీయించవద్దని కూడా ఓ మాట చెప్పి రండి.